బావ తాళానికి చెవులొచ్చిన కథ

మా బావ తాళాలు వేసి బతికే మనిషి కాదు, తీసి బతికే మనిషి. వీధి మలుపులో ఆయన కొట్టు. కొట్టంటే మరీ పెద్దదనుకునేరు. బావ లోపలికి వెళ్తే బేరం బయట నిలబడాలి, బేరం లోపలికి వస్తే బావ బయటికి రావాలి. గోడ నిండా మేకులు, మేకులకి ఇంకా పళ్ళు రాని తాళంచెవులు గుత్తులు గుత్తులుగా. బల్ల మీద చెవులు కోసే మిషను. పాత చెవిని ఒక దవడలో, కొత్త చెవిని ఇంకో దవడలో బిగించి బావ మీట నొక్కితే, పాతదాని పళ్ళు చూసి కొత్తదానికి పళ్ళు మొలుస్తాయి. తర్వాత ఆకురాయితో రెండు రుద్దులు, ఉఫ్‌మని ఒక ఊదు. అలా ఊదిన ఇత్తడి పొడి ఏళ్ల తరబడి ఆయన కనుబొమ్మల్లో కాపురం పెట్టి, ఎండలో నిలబడితే మొహం మీద రెండు బంగారు గీతలు మెరుస్తాయి. మా అక్క ఆ కనుబొమ్మలు చూసే పెళ్ళికి ఒప్పుకుందని నేనంటాను. "కాదు, నీకు దూరంగా పోవచ్చని ఒప్పుకున్నా. నువ్వు వెనకాలే వచ్చావు" అంటుంది అక్క.

బావ పనితనం గురించి చెబితే జనం నమ్మరు. ఒకసారి ఒక పెద్ద ఆఫీసులో ఇనప్పెట్టె మొరాయిస్తే అందరూ చేతులెత్తేశారు. బావ వెళ్ళి దాని పక్కన చతికిలబడి, చెవి ఆనించి, కాసేపు కష్టసుఖాలు మాట్లాడాడు. పెట్టె కళ్ళనీళ్ళు పెట్టుకుని తలుపు తెరిచింది. నేను కళ్ళారా చూశాను. బావని అడిగితే మాత్రం, "దానికి తాళమే వెయ్యలేదురా, గట్టిగా లాగితే వచ్చింది" అంటాడు. ఇలాంటి మనిషికి పేరు రావాలంటే పక్కన నాలాంటి బామ్మర్ది ఉండాలి. కొట్టు మీద బోర్డు కూడా నేను రాయించిందే: "మా తాళం పడ్డ తలుపు మీ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు." కాలేజీని మధ్యలో వదిలేసినవాడికి ఇంకేం మిగిలినా మిగలకపోయినా వాక్యాలు మాత్రం బోలెడు మిగులుతాయి.

ఆ బోర్డు చూసే రోడ్డవతల కొత్త అపార్టుమెంట్ల సంఘం అధ్యక్షులవారు కొట్టుకొచ్చారు. నున్నటి గుండు, చంకలో గొడుగు, ప్రతి మాట ముందూ ఒక దగ్గు. అపార్టుమెంట్లలో అన్ని తలుపులకీ తాళాలు మార్పించాలట.

"బోర్డు బాగుంది. అయితే నేను బోర్డులు నమ్మను" అన్నారు. "మీ సొంత ఇంటికి మీరు ఏం తాళం వేసుకున్నారో ముందు చూస్తాను. నచ్చితే మా తలుపులన్నీ మీవే. ఎప్పుడొస్తానో మాత్రం చెప్పను."

బావ ఆనందం పట్టలేక ఆయన గొడుగు పిడికి ఊడిన స్క్రూ ఉచితంగా బిగించి పంపాడు.

సరిగ్గా ఆ వారమే బావ ఇంట్లో దొంగతనం జరిగింది. పోయింది నగా కాదు, నాణెమూ కాదు. తాళం.

బావ వాళ్ళ నాన్న స్వయంగా చేసిన ఇత్తడి తాళం అది. పిల్లి తలంత ఉంటుంది. హాల్లో అల్మరా మీద ఉండేది. దాని చెవి మాత్రం బావ నడుముకి, మొలతాడుతో పాటే. పెద్దాయన పోయాక బావ రోజూ కొట్టుకెళ్ళేముందు ఆ తాళాన్ని ఒకసారి తడిమి వెళ్ళేవాడు. ఒక సాయంత్రం వచ్చి చెయ్యి పెడితే అల్మరా మీద దుమ్ములో గుండ్రటి మచ్చ తప్ప ఏమీ లేదు. తలుపు వేసింది వేసినట్టే ఉంది. కిటికీలకి గడియలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

బావ మమ్మల్ని వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు. "తాళాలవాడి ఇంట్లో తాళం పోయిందని బయటికి పొక్కిందనుకో, అధ్యక్షుడి బేరం అటుంచు, సైకిలు తాళం కూడా నా చేత చేయించుకోరు ఎవరూ. పైగా అది నాన్న చేతిపని. దొంగ దొరకాలి, వీధికి తెలియకూడదు."

"అత్తయ్యని అడిగి చూద్దామండీ" అంది అక్క.

"అమ్మనా? అమ్మకి చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే. పైగా నాన్న తాళం పోయిందంటే మంచం పడుతుంది. అమ్మ చెవిన పడకూడదు."

అలా ఆ ఇంట్లో ఎవరిని అడగాలో వాళ్ళని తప్ప మిగతా లోకాన్నంతా అనుమానించడం మొదలైంది.

దొంగని పట్టాలంటే కెమెరాలు కావాలి. బావ మామూలుగా చెప్పులు కొనడానికే మూడు వీధులు తిరిగే రకం. కెమెరాలంటే ఇక చెప్పాలా. ఊళ్ళో ఉన్న కొట్లన్నీ తిరిగాడు. నేను సాంకేతిక సలహాదారు హోదాలో వెంట నడిచాను. చివరికి ఒక పెద్ద షోరూములో టై కట్టుకున్న సేల్స్‌మన్ మాకు దొరికాడు. అతని ఖర్మ.

"ఇది తీసుకోండి సార్. మనిషి కదిలితే ఫోనుకి కబురొస్తుంది. వీడియో అంతా క్లౌడ్‌లో భద్రం."

"అంటే మబ్బులో, బావా" అన్నాను.

"ఆ మాత్రం తెలుసురా. ఆ మబ్బు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందండీ?" అన్నాడు బావ.

సేల్స్‌మన్‌ని ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. "కంపెనీ దగ్గర, సార్."

"అంటే మా ఇంట్లో సంగతులు మీ కంపెనీ గదిలో పెట్టి, తాళం వాళ్ళు వేసుకుని, మా సంగతులు మేం చూసుకోడానికి నెలనెలా వాళ్ళకి అద్దె కట్టాలి."

"అద్దె కాదు సార్, సబ్‌స్క్రిప్షన్."

"అద్దెకి టై కట్టారన్నమాట."

సేల్స్‌మన్ తన టై సవరించుకుని రెండోది తీశాడు. "ఇందులో క్లౌడ్ లేదు సార్. కెమెరాలోనే కార్డుంటుంది. అంతా అందులోనే రికార్డవుతుంది."

"దొంగ కెమెరాని పట్టుకుపోతే?"

"పట్టుకుపోవడం కూడా రికార్డవుతుంది సార్."

"ఎక్కడ?"

"కార్డులో."

"కార్డెక్కడ?"

సేల్స్‌మన్ దాన్ని మళ్ళీ అరలో పెట్టేశాడు.

ఇక మాట వినే అసిస్టెంట్ల సంగతికొచ్చాం. ఇది బావకి తప్పనిసరి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి. గుమ్మంలో ఎవరున్నారో లేచి చూడలేదు, ఫోను నొక్కడం రాదు. కూర్చున్నచోటి నుంచి నోటితో అడిగితే చెప్పేది కావాలి. ఆవిడకి కెమెరాలు ఎందుకో చెప్పడానికి కూడా ఇదే సాకు. తీరా చూస్తే ఈ కెమెరా ఈ అసిస్టెంటుతో తప్ప ఆ అసిస్టెంటుతో మాట్లాడదట. ఆ కాలింగ్ బెల్లు ఉన్న కెమెరా దాని సొంత కంపెనీవాళ్ళతో తప్ప ఎవరితోనూ కలవదట.

"ఏం, వీళ్ళమధ్య ఆస్తి తగాదాలా?" అన్నాడు బావ.

"అలాంటిదే సార్" అన్నాడు సేల్స్‌మన్ నీరసంగా.

అప్పుడు బావ చేసిన పని ఆ షోరూము చరిత్రలో ఉండిపోతుంది. గోడ దగ్గరికి నడిచి, "లోపలి పని లోపలే చేస్తుందో లేదో చూద్దాం" అని ఇంటర్నెట్ వైరు పీకేశాడు. గోడ నిండా ఉన్న తెరల మీద బొమ్మలన్నీ ఒక్కసారే ఆగిపోయి చిన్న చక్రాలు తిరగడం మొదలెట్టాయి. అసిస్టెంట్లన్నీ ఒక గొంతుతో క్షమాపణ చెప్పాయి. బిల్లు కౌంటరూ ఆగింది. క్యూలో ఉన్నవాళ్ళు మా పూర్వీకుల్ని తలుచుకోవడం మొదలెట్టారు. మూల అరలో దుమ్ము పట్టిన తెర ఒకటి మాత్రం ఏమీ జరగనట్టు ఇంకా మమ్మల్ని చూపిస్తూనే ఉంది.

"అదేంటి?"

"అది ఎవరూ కొనరు సార్. కెమెరాలు, రికార్డరు పెట్టె, మాటలు వినే డబ్బా, అన్నీ ఇంటి వైఫై మీదే నడుస్తాయి. బయట ఇంటర్నెట్‌తో పని లేదు. చూసింది ఇంట్లోనే దాస్తుంది, విన్నది ఇంట్లోనే అర్థం చేసుకుంటుంది. పిలిచే మాట కూడా మీ ఇష్టమొచ్చింది పెట్టుకోవచ్చు. దయచేసి ఆ వైరు పెట్టేయండి సార్."

బావ కళ్ళు మెరిశాయి. కనుబొమ్మలు ఎలాగూ మెరుస్తూనే ఉన్నాయి. మమ్మల్ని వదిలించుకునే సంతోషంలో సేల్స్‌మన్ ఆ సెట్టుతో పాటు తలుపుకి బిగించే మోటారు తాళం కూడా కానుకగా ఇచ్చాడు. తాళాలవాడికి తాళం కానుక. బావ మొహం చిట్లించాడు గానీ అత్తయ్య మోకాళ్ళు గుర్తొచ్చి సంచిలో వేసుకున్నాడు. "తాళంచెవి అని మనవాళ్ళు ఊరికే అనలేదు బావా. ఇన్నాళ్ళకి తాళానికి నిజంగా చెవులొచ్చాయి" అన్నాను. బావ నవ్వలేదు. అప్పుడైనా నాకు అర్థం కావలసింది.

బిగించడం నేను ఒక్క చేత్తో చేశాను. బావ రెండు చేతులా నిచ్చెన పట్టుకుని తిడుతున్నాడు. గుమ్మం పైన ఒక కెమెరా, అది చూస్తుంది, వింటుంది, మాట్లాడుతుంది కూడా. హాల్లో ఒకటి, పెరటివైపు ఒకటి. రికార్డరు అటక మీద, మాటలు వినే డబ్బా అత్తయ్య కుర్చీ పక్కన.

చిక్కల్లా డబ్బాని ఏమని పిలవాలన్న దగ్గర వచ్చింది. దానితో వచ్చిన పరాయి భాష పేర్లు అత్తయ్యకి నోరు తిరగలేదు.

"'ఏమండీ' అని పెడదాం" అన్నాడు బావ. "ఇంట్లో అలవాటైన మాటే."

"వద్దు" అంది అక్క. "ఈ ఇంట్లో ఆ మాటకి పలకని మనిషి ఇప్పటికే ఒకడున్నాడు. ఇంకోటి నేను భరించలేను."

అత్తయ్య విసుక్కుంది. "పేరెందుకురా దానికి? నాకు పని కావాలంటే ఒరేయ్ అంటాను. నువ్వైనా ఒరేయే, ఫ్యానైనా ఒరేయే. ఈ వయసులో కొత్త మాటలు నేర్చుకోమంటావా?"

బావ గడ్డం గోక్కుని, ఆ గోకుడులోంచి ఒక సిద్ధాంతం తీశాడు. "ఒరేయ్ అనే పెడదాం. ఆలోచించు బామ్మర్దీ. మిషన్ని ఒరేయ్ అని ఎవడైనా పిలుస్తాడా? దొంగ జన్మలో ఊహించలేడు. దీన్ని మించిన రహస్యం లేదు."

ఇంట్లోవాళ్ళ గొంతులకే పలికేలా చేసే సదుపాయం కూడా అందులో ఉంది. కానీ గొంతు నేర్పించిన రోజున అత్తయ్యకి జలుబు. జలుబు తగ్గాక డబ్బా ఆవిణ్ణి గుర్తు పట్టలేదు. "క్షమించండి, మీరెవరో తెలియదు" అంది. సొంత ఇంట్లో, సొంత కుర్చీలో కూర్చున్న ఆవిణ్ణి. ఆ మాటకి అత్తయ్య పూటంతా అన్నం ముట్టలేదు. బావ ఆ సదుపాయం తీసిపారేశాడు.

ఇక ఆ ఇల్లు చూడాలి. "ఒరేయ్, లైటు వెయ్యి" అంటే లైటు వెలిగేది. "ఒరేయ్, గుమ్మంలో ఎవరు" అంటే, "ఒక మనిషి, చేతిలో సంచి" అని ఆడగొంతు మర్యాదగా చెప్పేది. "ఒరేయ్, తలుపు తియ్యి" అంటే మోటారు గుర్రుమని తలుపు తెరుచుకునేది. కానీ అత్తయ్య ఒరేయ్ అన్నప్పుడల్లా "చెప్పమ్మా" అని బావా, "చెప్పండి" అని డబ్బా ఒకేసారి పలికేవాళ్ళు. "ఒరేయ్, ఎక్కడ చచ్చావురా" అని ఆవిడ కొడుకుని కేకేస్తే, "నేను హాల్లోనే ఉన్నాను" అని డబ్బా జవాబిచ్చేది.

"చూడరా, పిలిస్తే మొదటిసారే పలుకుతుంది, మళ్ళీ అండీ అంటుంది" అని అత్తయ్య బావకి వినపడేలా మెచ్చుకునేది. అన్నం పెట్టడం కుదరదు గానీ, కుదిరితే దానికే ముందు వడ్డించేది.

దొంగ మాత్రం రాలేదు. బావ రోజూ అటకెక్కి రికార్డయిందంతా చూసేవాడు. గోడ మీద పిల్లి, గుమ్మంలో నేను, వంటింట్లోకి నేను, వంటింట్లోంచి నములుతూ నేను. ఇంకా, కొట్టుకెళ్ళేముందు తలుపు లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే బక్కపల్చటి మనిషొకడు. "వీడి వాలకం అనుమానంగా ఉందిరా" అన్నాడు బావ ఒకరోజు. "బావా, అది నువ్వే" అన్నాను.

ఇంకో ఇబ్బంది ఉంది. ఇంటి సంగతి ఇంటి వైఫై దాటి బయటికి పోకూడదని కదా కొన్నది. పోలేదు. కొట్టు దాకా కూడా పోలేదు. కొట్లో కూర్చుంటే ఫోనులో ఏమీ కనిపించదు. వీధి సగంలో కరెంటు స్తంభం వరకూ వైఫై ప్రాణం ఉండేది. అందుకని బావ చెవి కోస్తూ కోస్తూ మధ్యలో లేచి, స్తంభం దగ్గరికి పరిగెత్తి, ఫోను నెత్తి మీదికెత్తి ఇల్లు చూసుకుని తిరిగొచ్చేవాడు. స్తంభాన్ని మొక్కుకుంటున్నాడని వీధిలో కొందరు అనుకున్నారు. ఆ పుకారు పుట్టించింది నేను కాదు. పెంచింది నేనే.

ఆ రోజు మధ్యాహ్నం కూడా బావ స్తంభం దగ్గరే ఉన్నాడు. ఉన్నట్టుండి, "ఒరే బామ్మర్దీ, ఇటు రారా" అన్నాడు. ఫోనులో చూస్తే మా గుమ్మం, గుమ్మంలో గుండు, చంకలో గొడుగు. అధ్యక్షులవారు చెప్పకుండా వచ్చేశారు.

ఆయన తలుపు మీద వేలితో కొట్టి చూశారు. వంగి సందులోకి చూశారు. తలుపు నెట్టి చూశారు. కదల్లేదు. తృప్తిగా దగ్గారు.

"నచ్చింది" అన్నాడు బావ. "ఆ తల ఊపడం చూడు. బేరం మనదే."

లోపల్నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఒరేయ్, గుమ్మంలో ఎవర్రా?"

"ఒక మనిషి. చంకలో గొడుగు" అంది డబ్బా.

"ఒరేయ్, గొడుగులు మాకొద్దని చెప్పు."

"గొడుగులు మాకొద్దు" అని గుమ్మం మీది కెమెరా అధ్యక్షులవారి గుండుతో మర్యాదగా చెప్పింది. ఆయన పైకి చూశారు. స్తంభం దగ్గర బావ కళ్ళు మూసుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మా ఎదురింటికి ఆ రోజు సున్నాలు వేస్తున్నారు. పెయింటరొకడు భుజాన నిచ్చెన, చేతిలో రంగు డబ్బాతో ఎదురింటి గుమ్మంలో నిలబడి, లోపల పనిచేస్తున్న తమ్ముణ్ణి వీధి దద్దరిల్లేలా కేకేశాడు.

"ఒరేయ్, తలుపు తియ్యరా."

ఎదురింటి తలుపు తెరుచుకోలేదు. మా తలుపు తెరుచుకుంది. గుర్రుమని, నిండుగా, రెండు చేతులా ఆహ్వానిస్తున్నట్టు.

బావ పరుగు నేను చూశాను. దారిలో ఒక స్కూటరుని దాటేశాడంటే మీరు నమ్మరు. అది ఆగి ఉన్న స్కూటరని కొందరంటారు. మేం వెళ్ళేసరికి అధ్యక్షులవారు హాల్లో అత్తయ్య ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆయన్ని గొడుగులమ్మేవాడనే అనుకుంటోంది. "లోపలిదాకా వచ్చావు కాబట్టి ఒకటి చూపించు నాయనా" అంటోంది.

అధ్యక్షులవారు బావని చూసి దగ్గారు. "తలుపు ఎవరు తీశారు?"

జవాబు అత్తయ్య చెప్పింది. "ఇంకెవరు, మా ఒరేయ్ తీశాడు."

"చెప్పండి" అంది డబ్బా.

అధ్యక్షులవారు లేచి, బయటికి నడిచి, తలుపు వేసుకున్నారు. వీధిలోంచి ఆయన గొంతు వినిపించింది. చాలా నిదానంగా, సంఘం తీర్మానం చదివినట్టు, "ఒరేయ్, తలుపు తియ్యి" అన్నారు. తలుపు గుర్రుమని తెరుచుకుంది. ఆయన లోపలికొచ్చి కూర్చున్నారు.

"మీ మాట తప్ప ఇంకెవరి మాటా వినదని రాశారు" అన్నారు. "మా అపార్టుమెంట్లలో ఒరేయ్ అనని తండ్రి లేడు."

బావ తలొంచుకున్నాడు. బంగారు కనుబొమ్మలు ఇత్తడి కనుబొమ్మలైపోయాయి. కొట్టు, బోర్డు, పేరు, అన్నీ ఆ తెరిచిన తలుపులోంచి బయటికి నడిచిపోతున్నట్టు గుమ్మంకేసి చూస్తున్నాడు. ఆ గుమ్మంలోంచే గాలి విసురుగా లోపలికొచ్చింది. అక్క వంటింట్లోంచి వచ్చి గోడకున్న కేలెండరు పట్టుకుంది.

"ఎంత గాలో చూడండి" అన్నారు అధ్యక్షులవారు ఊరికే మాట మార్చడానికి. "ఆ గది తలుపు మాత్రం చెక్కుచెదరలేదు. గట్టి తలుపు."

"తలుపు గట్టిదేం కాదు" అంది అత్తయ్య. "రోజంతా టపటపా కొట్టుకుని నా ప్రాణం తీసేది. మా ఆయన తాళం అడ్డం పెట్టాక నోరు మూసుకుంది."

బావ నెమ్మదిగా వెళ్ళి అత్తయ్య గది తలుపు ముందుకి లాగాడు. తలుపుకీ గోడకీ మధ్య, పిల్లి తలంత ఇత్తడి తాళం నింపాదిగా కూర్చుని ఉంది.

"అమ్మా, ఇది ఇక్కడెప్పటినుంచి ఉంది?"

"అల్మరా మీద ఊరికే ఉంటే తెచ్చి పెట్టుకున్నా. ఏం, అడిగితే చెప్పనా?"

"దీనికోసమే కదమ్మా ఇన్ని కెమెరాలు" అనేశాడు బావ, అధ్యక్షులవారు ఉన్న సంగతి మరిచిపోయి.

"మోకాళ్ళకన్నావు?" అంది అత్తయ్య.

నేను ఏదో ఒక కథ అల్లి పరువు కాపాడదామని గొంతు సవరించుకున్నాను. అక్క నా కాలు తొక్కింది.

అధ్యక్షులవారు తాళాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. బరువు చూశారు. కొంకె పట్టుకుని గుంజారు. గొడుగు పిడితో ఒకటి వేశారు. తర్వాత దాన్ని మొహానికెదురుగా పెట్టుకుని, "ఒరేయ్" అన్నారు.

"చెప్పండి" అంది డబ్బా.

"నిన్ను కాదు" అని, మళ్ళీ తాళంతో, "తలుపు తియ్యి" అన్నారు. గుమ్మం తలుపు తెరిచే ఉంది కాబట్టి మోటారు ఊరికే గుర్రుమంది. తాళం ఉలకలేదు, పలకలేదు.

"తీయండి దీన్ని" అని బావకిచ్చారు. బావ నడుమున ఉన్న చెవి దాన్లో పెట్టి తిప్పాడు. వాళ్ళ నాన్న పోయాక మొదటిసారి. లోపల ఎక్కడో రాయి మీద రాయి పెట్టినట్టు ఒక చప్పుడు, కొంకె పైకి లేచింది. అత్తయ్య పమిటతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

అధ్యక్షులవారు గొడుగు చంకలో పెట్టుకుని లేచారు. "మాకు ఇలాంటి చెవిటి తాళాలు కావాలి. ఎవరేమన్నా వినిపించుకోకూడదు. ముందు ఇది ఈ గుమ్మానికి వెయ్యండి. రేపొచ్చి చూస్తాను. ఈసారి అరుస్తాను కూడా."

మర్నాడు వచ్చారు, అరిచారు, వెళ్ళారు. బేరం బావకే వచ్చింది. పరువు మాత్రం అనుకున్నట్టు దక్కలేదు. పెయింటరు ఎదురింటి గుమ్మంలోంచి అంతా చూశాడు కదా. అతను ఊళ్ళో ఎన్ని గోడలకి సున్నం వేశాడో అన్ని ఇళ్ళకీ ఈ కథ తెలుసు. నేను చెప్పినంత బాగా చెప్పలేడు, అది వేరే సంగతి. ఇప్పటికీ కొట్టు ముందు నుంచి పోయేవాళ్ళు, "ఒరేయ్, తలుపు తియ్యరా" అని ఒక కేక వేసి పోతారు. బావ తలెత్తడు. అపార్టుమెంట్ల కోసం చెవులు కోస్తూ ఉంటాడు. బోర్డు మీద నా వాక్యంలో "మీ మాట తప్ప" అన్నంత మేరకు తెల్ల రంగు పూయించాడు. "మా తాళం పడ్డ తలుపు ఇంకెవరి మాటా వినదు" అని మిగిలింది. రంగు పూసింది కూడా ఆ పెయింటరే, ఉచితంగా.

గుమ్మానికి ఇప్పుడు పెద్దాయన తాళమే. అది అటు వెళ్ళిపోవడంతో అత్తయ్య గది తలుపు మళ్ళీ కొట్టుకోవడం మొదలెట్టింది. అందుకని ఆ మోటారు తాళం ఊడదీసి తలుపుకి అడ్డం పెట్టారు. బాటరీలు తీయడం ఎవరికీ గుర్తులేదు. అత్తయ్య కొడుకుని, "ఒరేయ్, ఆ కొట్టు తలుపు తీసి ఏడువు, పొద్దెక్కింది" అని కేకేస్తే, తలుపు వెనక నుంచి అది గుర్రుమంటుంది. ఆ తర్వాత కాసేపటికి బావ లేస్తాడు.